పదిహేడో కిలోమీటరు

ఏడాది మొత్తంలో గాలులు ఆగి సముద్రం నెమ్మదించేది మూడు నెలలే. ఆ మూడు నెలల్లోనే సర్వే ఓడ బయల్దేరి, సముద్రం అడుగున పరిచిన గ్యాస్ పైపు పొడవునా ఒక రోబోను నడిపిస్తుంది. అది తీసిన వీడియోలు డిస్కుల్లో మా ఆఫీసుకు వస్తాయి. గట్టు నుంచి గ్యాస్ బావుల దాకా నలభై ఒక్క కిలోమీటర్లు. మీటరు మీటరూ చూసి, పైపుకు ఎక్కడ ఏ దెబ్బ తగిలిందో, ఏది ముందు ముందు ప్రమాదంగా మారుతుందో రాయడం నా ఉద్యోగం.

చూడ్డానికి గొప్పగా ఏమీ ఉండదు. బూడిద రంగు ఇసుక, బూడిద రంగు గొట్టం. గొట్టం తేలిపోకుండా బరువు కోసం వేసిన కాంక్రీటు తొడుగు మీద నాచు, గుల్లలు. ఒక్కోచోట కింద ఇసుక కొట్టుకుపోయి గొట్టం వంతెనలా వేలాడుతుంది, ఎంత పొడవు వేలాడుతోందో కొలిచి రాయాలి. ఒక్కోచోట చిరిగిన వల చుట్టుకుని ఉంటుంది, రాయాలి. గొట్టాన్ని తుప్పు తినకుండా, దాని బదులు తాము కరిగిపోయే లోహపు దిమ్మెలు అతికించి ఉంటాయి. అవి సగానికి మించి కరిగితే రాయాలి. ప్రతిదానికీ ఒకటి నుంచి ఐదు దాకా ఒక అంకె వేయాలి. ఒకటంటే వదిలేయొచ్చు. ఐదంటే ఆ పూటే గ్యాస్ ఆపాలి.

తొమ్మిదేళ్లుగా అదే పని. నా అంకెల్ని మళ్లీ ఎవరూ సరిచూసేవాళ్లు కాదు. ఇంకో ఏడాదిలో రిటైరయ్యే మా చీఫ్ గారు నా కాగితాల మీద చదవకుండానే సంతకం పెట్టేసేవారు. "నీ కళ్లకి నా కళ్లెందుకమ్మా కాపలా?" అనేవారు.

మా అన్నయ్య ఓడరేవులో టగ్గు సరంగు. పెద్ద ఓడల్ని, సరుకు మోసే బార్జిల్ని లాగే చిన్న బోటు అది, నడిపేది వాడే. నేను వాడి దగ్గరే, వాడూ వదినా ఉండే రెండో అంతస్తు ఇంట్లోనే ఉంటున్నాను. ఆ సీజను మధ్యలో ఒక సాయంత్రం అన్నయ్య తడిసిన బట్టలతో వచ్చి బాల్కనీలో కూర్చున్నాడు. అరచేతులు రెండూ తాడు ఒరిపిడికి ఎర్రగా కమిలిపోయి ఉన్నాయి.

"ఏమైందిరా అన్నయ్యా?"

"ఇంజను చచ్చిపోయిందే చిన్నీ. ఖాళీ బార్జిని లాక్కొస్తున్నాం. గాలి చూస్తే రాళ్ల వైపు తోస్తోంది. ఆరుగురం ఉన్నాం. ఇంకేం ఆలోచిస్తాం? లంగరు వదిలేశాను."

"ఎక్కడ?"

"బయటి దారిలో, ఎర్ర బోయ దాటాక. అదేమో ఆగదే! ఈడ్చుకుంటూ పోయింది, పోయింది. తర్వాత దేన్నో పట్టుకుంది చూడు, బోటు మొత్తం కిర్రుమంది. ఇంజను లేచాక ఎత్తి చూస్తే కొక్కెం ఇలా వంగిపోయి వచ్చింది." చేత్తో ఆ వంపు చూపించి నవ్వాడు. "పట్టుకున్నదేదో గానీ దానికో దండం. లేకపోతే ఈపాటికి రాళ్ల మీద పచ్చడయ్యేవాళ్లం."

లోపలి నుంచి వదిన టీ కప్పులతో వస్తున్న అలికిడైంది. అన్నయ్య గొంతు తగ్గించాడు.

"ఇంట్లో ఈ మాట ఎత్తకు."

ఓడలకు దారి చూపుతూ నీళ్ల మీద తేలే ఆ ఎర్ర బోయకు అవతల పైపు ఉందని నాకు తెలుసు. కానీ అప్పుడు నా కళ్ల ముందు ఉన్నది వాడి అరచేతులే. వేడినీళ్లు కాచడానికి లేచాను.

పన్నెండు రోజుల తర్వాత పదిహేడో కిలోమీటరు డిస్కు నా బల్ల మీదికి వచ్చింది.

పొద్దున పదకొండు గంటలు. పక్క సీటులో ఎవరో ఆవలిస్తున్నారు. తెర మీద ఇసుక, గొట్టం, ఇసుక. ఉన్నట్టుండి ఎడమ పక్క నుంచి ఒక చాలు కనిపించింది. నాగలి తోలినట్టు రెండు బారల వెడల్పు, మోకాలి లోతు. తిన్నగా గొట్టం వైపే వస్తోంది. చెయ్యి దానంతటదే వీడియో వేగం తగ్గించింది. చాలు గొట్టాన్ని తాకిన చోట కాంక్రీటు తొడుగు పగిలి, లోపలి ఇనప జాలీ పక్కటెముకల్లా బయటపడి ఉంది. గొట్టం దాని దారి నుంచి ఒక మనిషి పొడవు పక్కకు జరిగి ఉంది. జాలీ చిరిగిన చోట ఉక్కు మీద సొట్ట. సొట్ట మధ్యలో, మేకుతో గీకినట్టు, జానెడు గీత.

సొట్ట ఒక్కటే ఉంటే గొట్టం చాలా కాలం ఓర్చుకుంటుంది. గీత ఒక్కటే ఉన్నా ఓర్చుకుంటుంది. సొట్టలో గీత ఉంటే మాత్రం మాలో ఎవరూ తేలిగ్గా తీసుకోరు. ఊరు గ్యాస్ వాడేకొద్దీ గొట్టంలో ఒత్తిడి పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. ఆ ఒత్తిడికి సొట్ట రోజూ ఇంత కదులుతుంది. కదిలినప్పుడల్లా గీత లోతవుతుంది. ఎప్పుడు పగులుతుందో ఎవరూ చెప్పలేరు. పగిలితే, పైన ఏ బోటు పోతోందన్నదే ప్రశ్న.

అది ఎవరి లంగరో తెలియడానికి నాకు లెక్కలేమీ అక్కర్లేకపోయింది. విరిగిన కాంక్రీటు అంచులు తెల్లగా, సున్నం కొట్టినట్టు ఉన్నాయి. నాచు లేదు, ఒక్క గుల్ల లేదు. నెల కూడా కాని దెబ్బ.

నాలుగు వేయాల్సిన చోటు అది. నాలుగంటే విచారణ. విచారణంటే ఆ తేదీల్లో అటు పోయిన ప్రతి బోటు పుస్తకమూ తెరుస్తారు. లంగరు వేయకూడని చోట వేసి, చెప్పకుండా దాచిన సరంగుకు లైసెన్సు పోతుంది. అంతటితో ఆగుతుందన్న నమ్మకం కూడా లేదు. నా మూడేళ్ల చదువూ వాడు రెండు షిఫ్టులు చేసి చదివించింది. "ఇంట్లో ఈ మాట ఎత్తకు" అన్న గొంతు నా చెవిలోనే ఉంది.

నేను ఇలా రాశాను: కాంక్రీటు పొర పెచ్చులూడటం. పాతది. రెండు.

రాసి, తర్వాతి మీటరుకు వెళ్లిపోయాను. ఆ రోజు ఇంకో రెండు కిలోమీటర్లు చూశాను. ఏం చూశానో నాకు తెలియదు.

ఆ వారమంతా ఇంట్లో స్టవ్ వెలిగించడం నాకు కష్టంగా ఉండేది. అది ఆ పైపు గ్యాసే. పొద్దున ఏడింటికి ఊరంతా ఒకేసారి స్టవ్‌లు వెలిగిస్తుంది, ఒత్తిడి పడిపోతుంది. తొమ్మిదింటికి మళ్లీ పెరుగుతుంది. వదిన బర్నర్ తిప్పిన ప్రతిసారీ ఆ సొట్ట ఊపిరి పీల్చినట్టు నాకు అనిపించేది.

"ఏంటే, మంట వంక అలా చూస్తున్నావు? టీ పొంగిపోయింది చూడు!" అనేది వదిన. "నీ ధ్యాస ఎక్కడుంది? ఎవరైనా ఉంటే చెప్పు, మీ అన్నయ్యతో మాట్లాడతాను."

వారం తిరిగాక చీఫ్ గారు తన గదికి పిలిచారు. బల్ల మీద రెండు కాగితాలున్నాయి.

"పోర్టు ఆఫీసు వాళ్లు ఇన్నాళ్లకు పంపారమ్మా. ఎర్ర బోయ అవతల ఒక టగ్గు ఇంజను ఆగిపోయి అత్యవసరంగా లంగరు వేసిందట. పైపుకు తగిలిందేమో చూడమంటున్నారు. అది పదిహేడులో పడుతుంది కదా? నువ్వు చూశావుగా. ఏమైనా ఉందా?"

పైది పోర్టు వాళ్ల ఉత్తరం. కింది కాగితం మీద అక్షరాలు చూడగానే పోల్చుకున్నాను. అన్నయ్య రాత. ఎడమ పక్కకు వాలిన పెద్ద పెద్ద అక్షరాలు. టగ్గు నంబరు, టైము, గాలి దిక్కు, వదిలిన గొలుసు పొడవు, అన్నీ రాశాడు. చివర్లో: లంగరు గ్యాస్ పైపుకు తగిలి ఉండవచ్చని నా అనుమానం, దయచేసి పరీక్ష చేయించగలరు. కింద సంతకం, తేదీ.

వాడు తడి బట్టలతో ఇంటికి వచ్చిన రోజు తేదీ అది. అంటే గట్టెక్కగానే ముందు పోర్టు ఆఫీసుకు వెళ్లి ఇది రాసిచ్చి, ఆ తర్వాతే ఇంటికి వచ్చాడు.

చీఫ్ గారు కలం తెరిచి పట్టుకుని చూస్తున్నారు. గోడ మీద ఫ్యాను తల అటూ ఇటూ తిప్పుతోంది.

"ఏమీ లేదు సార్," అన్నాను. "పాత పెచ్చులే."

"అంతేనా. మంచిది," అంటూ ఆయన కలంతో ఒక వాక్యం రాసుకున్నారు.

గది నుంచి బయటికి వచ్చి నా సీటులో కూర్చున్నాను. దాహంగా ఉందని సీసా ఎత్తి, తాగకుండానే దింపేశాను. అప్పటిదాకా నేను దాస్తున్నది అన్నయ్య కోసం. ఇప్పుడు వాడి కోసం నేను దాయాల్సిందేమీ లేదు. "పాతది" అన్న మాట ఒక్కటే మిగిలింది, అది నా రాతలో ఉంది.

మర్నాడు సాయంత్రం అన్నయ్య మెట్లు రెండేసి ఎక్కుతూ వచ్చాడు. చేతిలో ఐస్‌క్రీం డబ్బా.

"ఏమీ కాలేదట! పైపు నిక్షేపంగా ఉందట! పోర్టు వాళ్లు కబురు చేశారు."

"ఏ పైపు? ఏం కాలేదు?" అంది వదిన.

అప్పుడు వదినను కూర్చోబెట్టి మొత్తం కథ చెప్పాడు. ఇంజను ఆగడం, రాళ్లు, లంగరు. వదిన ముఖం తెల్లబోయింది. వాడి భుజం మీద రెండు దెబ్బలు వేసి, "ఇరవై రోజులు కడుపులో పెట్టుకుని తిరిగావా!" అంది.

"చెబితే నువ్వు పడుకుంటావా? నీకసలే నీళ్లంటే చచ్చేంత భయం. అందుకే చిన్నీకి కూడా చెప్పాను, ఎత్తొద్దని." నా వైపు తిరిగాడు. "పదిహేడు నువ్వే చూశావటగా?"

"ఊఁ."

"మరి నాకు ఒక్క ముక్క చెప్పొచ్చు కదే! నిద్రపట్టక చచ్చాను. ఆ కొక్కెం వంగిన తీరు చూసి, ఏదో గట్టిగానే తగిలిందని రోజూ భయమే. రాయి అయ్యుంటుందిలే. నువ్వు చూశాక ఇంక అనుమానమేంటి!"

చెంచాతో ఐస్‌క్రీం తీసి నా గిన్నెలో వేశాడు. అందరికంటే నాకే ఎక్కువ వేశాడు. తిన్నాను.

ఆ తర్వాత పదిహేను రోజులు గడిపాను. ఎలా గడిపానంటే, పొద్దున్నే లేవగానే ఇవాళ చెబుతానని అనుకునేదాన్ని. ఆఫీసు మెట్ల దాకా ఆ ధైర్యం ఉండేది. చీఫ్ గారి తలుపు దగ్గరికి వచ్చేసరికి, ఇంకో సర్వేలో ఎవరైనా చూస్తారులే అనిపించేది. గొట్టం గట్టిదిలే అనిపించేది. ఉక్కు గురించి నాకు తెలిసినదంతా నాకే అబద్ధంగా చెప్పుకునేదాన్ని. సముద్రం మాత్రం అద్దంలా ఉండేది. ఇంత నెమ్మదైన సీజను పదేళ్లలో చూడలేదని క్యాంటీన్‌లో అందరూ అనేవాళ్లు.

క్యాంటీన్‌లో మా డైవర్ కూడా తినేవాడు. పొట్టిగా, గుండ్రంగా, బుగ్గలు పొంగించి మాట్లాడే మనిషి. అందరూ బుడగ అనేవాళ్లు, అతనూ ఫోనెత్తితే "బుడగని మాట్లాడుతున్నా" అనేవాడు. పైపుకు నేను రోగం చెబుతానని నన్ను డాక్టరమ్మా అని పిలిచేవాడు. ఆ రోజు ప్లేటు తెచ్చుకుని నా ఎదుట కూర్చున్నాడు.

"డాక్టరమ్మా, సోమవారం మీ పేషెంటు దగ్గరికే పోతున్నా. పదిహేడు దగ్గర దిమ్మెలు మార్చాలట. రెండు గంటల పని. ఎలా ఉందక్కడ?"

కలిపిన ముద్ద ప్లేటులోనే వదిలేశాను. "ఎందుకు?"

"ఎందుకేంటండీ! కింద చెయ్యి చాస్తే చెయ్యి కనపడదు ఒక్కోసారి. గొట్టాన్ని కావలించుకుని పని చేస్తాం. మీరు బాగుందంటే కళ్లు మూసుకుని దిగుతా. బాలేదంటే మా ఆవిడ దగ్గర సెలవు తీసుకుని దిగుతా." తన జోకుకు తనే బుగ్గలు పొంగించి నవ్వాడు.

ప్లేటు అక్కడే వదిలేసి లేచాను. "అయ్యో, కూర బాలేదా ఏంటి?" అని వెనక నుంచి అంటున్నాడు.

చీఫ్ గారి తలుపు తోసుకుని లోపలికి వెళ్లాను. "సార్, పదిహేడు మళ్లీ చూస్తుంటే ఒకటి కనిపించింది," అన్నాను. దాచాను అనలేదు. కనిపించింది అన్నాను. మెట్లు ఎక్కుతున్నప్పుడు నా నోట్లో ఉన్న మాట అది కాదు. తలుపు దాటేలోపు మారిపోయింది.

ఆయన వచ్చి నా సీటులో కూర్చుని వీడియో చూశారు. చాలు, జాలీ, సొట్ట, గీత. తెల్లటి అంచు దగ్గర ఆపారు.

"నాచు లేదు," అన్నారు.

"లేదు సార్."

"పాతది అని రాశావు."

"నీళ్లు మురిగ్గా ఉన్నట్టనిపించింది సార్."

తెర మీద నీళ్లు ఎంత తేటగా ఉన్నాయంటే పక్కన ఉన్న గుల్లల్ని లెక్కపెట్టొచ్చు. ఆయన కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. చాలాసేపు తుడుచుకున్నారు.

"సరే. ముందు ఒత్తిడి తగ్గించమని చెబుదాం," అని ఫోను అందుకున్నారు.

నేను దెబ్బ చూసిన రోజు నుంచి ఆ ఫోను దాకా ఇరవై రెండు రోజులు.

గ్యాస్ సగానికి తగ్గించారు. సొట్ట చుట్టూ బిగించే ఉక్కు పట్టీ, రెండు పెద్ద దొప్పల్లా ఉంటుంది, తయారై వచ్చేసరికి ఇంకో తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజుల్లో గాలి మారింది. ఓడ బయల్దేరిన పొద్దున మా ఆఫీసు మూడో అంతస్తు కిటికీలోంచి చూస్తే రేవు గోడ మీద నురగ ఎగురుతోంది. వాయిదా వేద్దామంటే గీత ఎంత లోతయిందో ఎవరికీ తెలియదు. వెళ్లక తప్పలేదు.

మధ్యాహ్నం రెండింటికి రేడియో గది నుంచి కబురొచ్చింది. మొదటి దొప్ప బిగించారు. రెండోదాన్ని క్రేనుతో దింపుతుండగా అల ఓడను ఎత్తి పడేసింది. ఓడతో పాటు దొప్పా లేచి పడింది. గొట్టం మీద దాన్ని సర్దుతున్న బుడగ కుడి చెయ్యి మధ్యలో నలిగిపోయింది. రెండో డైవరు అతన్ని పైకి తెచ్చాడు. మూడు వేళ్లు తీసేయాల్సి వచ్చింది.

మర్నాడు చీఫ్ గారు కారిడార్‌లో ఎవరితోనో అంటుంటే విన్నాను. "నెల ముందైతే పూట పని. అద్దం మీద చేసినట్టు చేసుకొచ్చేవాళ్లు."

పట్టీ నిలబడింది. గీత గొట్టం మందంలో మూడొంతులు తినేసిందని తర్వాత తేల్చారు. ఇంకో వారం ఉంటే ఏమయ్యేదో అన్నారు. రిపోర్టులో "రెండో పరిశీలనలో గుర్తించడమైనది" అని పడింది. పైవాళ్ల నుంచి నాకు అభినందన ఉత్తరం వచ్చింది. నోటీసు బోర్డులో పెట్టారు. ఆ బోర్డు ముందు నుంచి పోవాల్సి వస్తుందని వెనక మెట్ల నుంచి ఎక్కేదాన్ని.

ఇంట్లో అన్నయ్య మాట్లాడటం తగ్గించేశాడు. అదేం రాయి కాదని, తన లంగరేనని వాడికి తెలిసిపోయింది. పోర్టు వాళ్లు వాడిని తప్పుపట్టలేదు. ఆరు ప్రాణాలు కాపాడావన్నారు, చెప్పాల్సింది చెప్పావన్నారు. వాడు మాత్రం సెలవు పెట్టేశాడు. రోజూ వదిన చేత డబ్బా కట్టించుకుని ఆసుపత్రికి వెళ్లేవాడు. అంతకు ముందు వాళ్లిద్దరికీ ముఖ పరిచయం కూడా లేదు. వెళ్లి, మంచం పక్కన కూర్చుని, ముద్దలు కలిపి బుడగకు తినిపించి వచ్చేవాడట.

"ఆయన కోపంగా ఉన్నాడా?" అని ఒక రోజు అడిగాను.

"కోపమా! నన్ను ఓదారుస్తున్నాడు. లంగరు వేయకపోతే ఆరుగురు పోయేవాళ్లు, నావి మూడు వేళ్లేగా అంటాడు. నిన్ను తెగ పొగుడుతున్నాడు. డాక్టరమ్మ రెండోసారి చూడబట్టి బతికాం, లేకపోతే సోమవారం ఆ గొట్టాన్ని కావలించుకుని ఉండేవాడినంటాడు." అన్నయ్య ముఖం అటు తిప్పుకున్నాడు. "ఆ చెయ్యి చూస్తే నాకు తిండి దిగట్లేదే చిన్నీ. నా లంగరు తిన్నగా వెళ్లి ఆయన చేతి మీదే పడ్డట్టుంది."

మూడు రోజుల తర్వాత, ఎండ మండిపోతున్న మధ్యాహ్నం, ఆఫీసులో చెప్పకుండా లేచి రేవుకు వెళ్లాను. సెలవులో ఉన్నా అన్నయ్య టగ్గు దగ్గరే ఉంటాడు. గట్టు మీద కూర్చుని పాత తాడు విప్పి మళ్లీ చుట్టుకుంటున్నాడు. చేయడానికి పని లేక చేస్తున్న పని. నన్ను చూసి జరిగి చోటిచ్చాడు.

"ఏంటే, ఈ టైములో?"

కూర్చోలేదు. నిలబడే చెప్పాను. దెబ్బను మొదటి రోజే చూశానని, నాచు లేకపోయినా పాతదని రాశానని. అది వాడి లంగరని తెలిసే రాశానని.

వాడి చేతులు ఆగాయి. తాడు ఒళ్లో ఉంది.

"ఎందుకు?"

"నీ లైసెన్సు పోతుందని. ఇంట్లో ఎత్తొద్దన్నావు కదా. ఎవరికీ చెప్పలేదేమో అనుకున్నాను."

అన్నయ్య నా ముఖంలోకి చూశాడు. కోప్పడతాడనుకున్నాను, కోప్పడితే బావుండునని కూడా అనుకున్నాను.

"నేను దాస్తాననుకున్నావా?" అన్నాడు.

వాడు నీళ్ల వైపు తిరిగాడు.

"సరే. ముందు నా కోసం. మరి నా కాగితం మీ ఆఫీసుకు వచ్చాక? ఐస్‌క్రీం తెచ్చిన రోజు? ఆ తర్వాతి రోజులన్నీ ఎవరి కోసం?"

నా కోసమే. అది వాడికీ తెలుసు. తాడు పక్కన పెట్టి లేచాడు.

"ఎల్లుండి ఆయన్ని ఇంటికి పంపుతున్నారు. అంతకు ముందే వెళ్లి చెప్పు. ముందు ఆఫీసులో చెప్పు. ఆసుపత్రికి నేనూ వస్తాను, లోపలికి మాత్రం రాను."

ఆ సాయంత్రం అన్నయ్య నాకంటే ముందే తినేసి గదిలోకి వెళ్లిపోయాడు. వదినకు ఏం చెప్పాడో తెలియదు. ఆవిడ నా ముందు ప్లేటు పెట్టి, "ఉప్పు సరిపోయిందో లేదో మీ అన్నయ్య నీతో చెప్పమన్నాడు, నువ్వు తనతో చెప్పమంటావు, నేనేమైనా పోస్ట్‌మ్యాన్‌నా?" అని నవ్వబోయి, నవ్వలేక, నా తల మీద చెయ్యి వేసి వెళ్లిపోయింది. ఉప్పు గురించి ఎవరూ ఏమీ అనలేదు. ఆవిడకు ఏదో ఒకటి అనాలనిపించింది, అంతే.

పొద్దున చీఫ్ గారి ఎదుట కూర్చుని అంతా చెప్పాను. ఆయన ఆపలేదు, ఆశ్చర్యపోలేదు.

"నాచు లేదని నేనన్నప్పుడు నువ్వు తెర వైపు చూడలేదమ్మా. నేలను చూశావు. అప్పుడే అర్థమైంది," అన్నారు. "అడిగితే నిజం చెబుతావని భయపడి అడగలేదు. నీ కాగితం చదవకుండా సంతకం పెట్టినవాణ్ని నేను. నీది బయటపడితే నాదీ బయటపడుతుంది." డ్రాయరు లాగి రెండు తెల్లకాగితాలు తీశారు. ఒకటి నా ముందు పెట్టి, ఒకటి తను ఉంచుకున్నారు. "రాద్దాం. నువ్వు నీది రాయి, నేను నాది రాస్తాను."

అరగంట ఇద్దరం ఒకే బల్ల మీద, పరీక్ష రాస్తున్న పిల్లల్లా రాసుకున్నాం. బయటికి వచ్చేటప్పుడు నోటీసు బోర్డు అద్దం జరిపి ఆ ఉత్తరం నేనే తీసేశాను. మళ్లీ నేను ఆ సీటులో కూర్చోలేదు. విచారణలు, సంజాయిషీలు, అవన్నీ తర్వాత చాలా నెలలు నడిచాయి.

మర్నాడు అన్నయ్యతో ఆసుపత్రికి వెళ్లాను. వాడు గేటు దగ్గరే ఆగిపోయాడు. బుడగ మంచం అంచున కూర్చుని ఉన్నాడు. ఇంటికి వెళ్లడానికి తయారవుతున్నాడు. చొక్కాలో రెండు చేతులూ దూర్చి ఉన్నాయి, గుండీలు మాత్రం పెట్టలేదు. కుడి చేతికి మోచేతి దాకా కట్టు.

"అరె, డాక్టరమ్మా! రండి రండి! మా ఆవిడ బిల్లు దగ్గర నిలబడింది. కూర్చోండి. ఇన్నాళ్లకు పేషెంటును చూడ్డానికొచ్చారన్నమాట!"

కూర్చోలేదు. ముందు రోజు రాసిన మాటలే చెప్పాను. ఈసారి "కనిపించింది" అనలేదు. అతను బుగ్గలు పొంగించుకుని వింటున్నవాడు వింటున్నట్టే ఉండిపోయాడు. మెల్లగా గాలి వదిలాడు.

"ఎన్ని రోజులు?" అన్నాడు.

"ఇరవై రెండు."

"సముద్రం నెమ్మదిగా ఉన్న రోజులు."

"అవును."

పక్క మంచం ఆయన దగ్గు ఆపుకుంటున్నాడు. నడవాలో చక్రాల బల్ల ఒకటి గడగడలాడుతూ వెళ్లింది. బుడగ ఎడమ చేత్తో పై గుండీ పట్టుకుని కాజాలోకి తోశాడు. జారిపోయింది. మళ్లీ తోశాడు. మళ్లీ జారింది. అతను నా ముఖంలోకి చూడకుండా, గెడ్డం పైకెత్తాడు.

"పెట్టు," అన్నాడు.

అన్నేళ్లలో అతను నన్ను మీరు అనకుండా మాట్లాడటం అదే మొదలు. వంగి పై గుండీ పెట్టాను. రెండోదానికి చాలాసేపు పట్టింది. అతను తొందరపెట్టలేదు, సాయం చేయలేదు. మూడోది, నాలుగోది. ఆసుపత్రి సబ్బు వాసన, మందు వాసన. అతని ఊపిరి నా నుదుటికి తగులుతోంది. కింది దాకా అన్నీ పెట్టాక, ఎడమ చెయ్యి ముందుకు చాచాడు. మణికట్టు దగ్గర గుండీ కూడా పెట్టాను. కుడి చేతి వైపు చూశాను. ఆ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"చాలు. వెళ్లు."

గేటు దగ్గర అన్నయ్య ఎండలో నిలబడి ఉన్నాడు. ఏమన్నాడని అడగలేదు. తెచ్చిన అన్నం డబ్బా అలాగే చేతిలో పట్టుకుని నడవడం మొదలుపెట్టాడు. నేను వెనక నడిచాను. నాలుగడుగులు పోయాక వాడు కొంచెం వేగం తగ్గించాడు, నేను పక్కకు వచ్చేంత కాదు గానీ, వెనకబడిపోకుండా.